మూతలో సూదిబెజ్జం

"చూడవయ్యా డిటెక్టివూ, కళ్ళు బార్లా తెరిచి చూడు!"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అప్పలనరసింహం బూటుకాలితో కిక్కు ఒక్క తన్ను తన్నాడు. స్టేషన్ ఆవరణలో నిలబెట్టిన బూడిదరంగు స్కూటరు అత్తగారి ముందు కొత్తకోడలిలా రెండోసారి చెప్పించుకోకుండా స్టార్టయింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని గేటు దాకా నడిపి, తిప్పి తెచ్చి, ఆపి దిగాడు.

"బండికి జబ్బూ లేదు, జ్వరమూ లేదు. నారాయణరావు తన జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి భావనపాడు వెళ్తుంటే పూండి దాటాక ఆ పడవవాడు పోలారావు అడ్డంపడ్డాడు. తెడ్డుతో బుర్ర పగలగొట్టాడు. విరిగిన తెడ్డు దొరికింది, వాడూ దొరికాడు. సాయంత్రం టెక్కలి కోర్టులో పెడుతున్నాను. నువ్వు విశాఖపట్నం బస్సెక్కు."

పురుషోత్తం ఆ మాటలు వింటున్నాడే గాని చూపు మాత్రం ఇన్‌స్పెక్టర్ ఛాతీ మీది పతకం దగ్గర ఆగిపోయింది. మూడేళ్ళ కిందట తనూ పోలీసే. ఈ అప్పలనరసింహం కింద సబ్ ఇన్‌స్పెక్టరు. తను ఛేదించిన కేసుకి ఆ పతకం ఈయనకొచ్చింది. ఈయన చేసిన తప్పుకి ఉద్యోగం తనకి ఊడింది. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. స్టేషన్ గుమ్మం ముందు, నలుగురూ చూస్తుండగా, టోపీ, బెల్టూ విప్పించాడు. పతకం ఆయన గుండెల మీద, ముల్లు తన గుండెల్లో మిగిలిపోయాయి.

"నారాయణరావు చేతిలో రుమాల్లో చుట్టిన స్పార్క్‌ప్లగ్గు దొరికిందన్నారు కదా సార్. బండికి జబ్బు లేకపోతే అది ఎందుకు విప్పాడు?"

"పోలారావుని చూసి భయపడి, రిపేరు చేస్తున్నట్టు నటించి ఉంటాడు."

"తెడ్డెత్తుకుని మీదికొస్తున్నవాణ్ణి చూస్తే నేనయితే బండి వదిలేసి పరిగెడతాను. కూర్చుని ప్లగ్గు విప్పను. సరే, ట్యాంకులో పెట్రోలెంత ఉంది?"

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ సీటెత్తి, ట్యాంకు మూత తీసి, పుల్ల పెట్టి చూశాడు. "అడుగున ఉంది."

"ఆ రోజు ఉదయమే బంకులో నిండా పోయించాడట."

"ఆవిరై ఉంటుంది."

స్టేషన్లలో నిలబెట్టిన బళ్ళ పెట్రోలుకి ఆవిరయ్యే గుణం కాస్త ఎక్కువేనని పురుషోత్తానికి పాత అనుభవం.

లాకప్‌లో పోలారావు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. బలమైన మనిషి. మొహం మీద వాపు తగ్గలేదు.

"నారాయణరావుని చంపుతానని ఫ్యాక్టరీ గేటు దగ్గర అరిచావట. నిజమేనా?"

"అరిసినాను బావూ. మా అక్క సన్యాసమ్మ ఆ పేక్టిరీలో జీడిగింజలు ఏపే డ్రమ్ము కాడ పన్జేసీది. నూని సిందిపడి కన్ను పోనాది. పనికి పనికిరావని గెంటేసినాడు ఆ మారాజు. నీ రత్తం కల్లసూత్తానని అందరి ముందరా అన్నాను. కాదంతానా?"

"మరి చూశావా?"

"నానే సంపుంటే నాలుగూర్లు తిరిగి సెప్పుకునేవోన్ని. తెడ్డుతో కొట్టినానంట! తెడ్డు మాకు కూడెట్టేది బావూ. పడవెక్కినపుడు దండం ఎట్టి పట్టుకుంతాం. దాంతో ఆ ముండాకొడుకు నెత్తి కొడతానా?" పోలారావు కటకటాలు పట్టుకుని లేచాడు. "నాకు బాద ఉరి గురించి కాదు. నా పగ ఎవుడో ఎత్తుకుపోనాడు. ఆడెవుడో సెప్పు బావూ, సాలు."

ఇలాగే అడిగిన మనిషి ఇంకొకరున్నారు. నారాయణరావు భార్య త్రిపురసుందరి. పురుషోత్తాన్ని పిలిపించింది ఆవిడే.

ఫ్యాక్టరీని ఆనుకునే వాళ్ళ ఇల్లు. ఆవిడ వీధి గదిలోకి వచ్చి, కూర్చోమని చెప్పి, తను నిలబడే మాట్లాడింది.

"ఆయన దేవుడని నేననను పురుషోత్తం గారూ. పోయినవాళ్ళందరినీ దేవుళ్ళని చేసే పని చుట్టాలు చూసుకుంటున్నారు. కానీ ఆయన్ని తిట్టే హక్కు నాది. చంపే హక్కు ఎవడికీ ఇవ్వలేదు. మీరు నాకిచ్చిన మాట గుర్తుందా?"

"గుర్తుంది. ఎవరో తెలిస్తే ముందు మీకే చెప్తాను."

"పోలీసులకి తర్వాత." ఆవిడ గోడ అలమరలో మూతపెట్టిన చిన్న సత్తుగిన్నె చూపించింది. "అది మా డ్రమ్ములోంచి తీసిన జీడినూనె. నల్లగా, తారులా ఉంటుంది. ఒంటి మీద పడితే చర్మం ఊడుతుంది, కంట్లో పడితే కన్ను మిగలదు. సన్యాసమ్మని చూశాను కదా. ఆయన్ని చంపినవాడి కోసమే అట్టేపెట్టాను."

ఆ మాట బియ్యం నానబోశానన్నంత మామూలుగా అంది. పురుషోత్తం గిన్నె వైపు చూడకుండా మాట మార్చాడు.

"బండి ఇంతకుముందెప్పుడైనా ఆగిందా?"

"అంతకు ముందు శుక్రవారం ఆగింది. శుక్రవారం శుక్రవారం ట్యాంకు నిండా పోయించుకుని భావనపాడు వెళ్ళేవారు, పడవలకి పూసే జీడినూనె పురమాయింపులకి. ఆ రోజు పూండి దాటాక సరుగుడు తోట దగ్గర టక్కున ఆగిందట. పెట్రోలుందో లేదోనని మూత తీసి చూశారట. ఉంది. మళ్ళీ కిక్కు కొడితే స్టార్టయిందట. టెక్కలిలో ఎవరో మెకానిక్ చూసి ఏమీ లేదన్నాడు. ఈసారి ఆగితే ప్లగ్గు విప్పి తుడుచుకోండి అన్నాడట. ఆ రాత్రి భోజనాల దగ్గర నాకూ, మా తమ్ముడికీ ఇదే పురాణం."

అంతలో ఆ తమ్ముడే పెరట్లోంచి వచ్చాడు. రామూర్తి. ఫ్యాక్టరీలో బావ దగ్గరే గుమాస్తా. తల చుట్టూ, చెవులు కప్పుతూ, మందపాటి మఫ్లరు. పెరటి పని ముగించుకుని వస్తున్నట్టున్నాడు, మఫ్లరు మీంచే కుడిచెవికి చుట్టుకున్న జంధ్యాన్ని జాగ్రత్తగా విప్పుకుంటూ, అబ్బా అని మూలిగాడు.

"చెవికేమైంది?" అన్నాడు పురుషోత్తం.

రామూర్తికి వినపడలేదు. అక్కగారే జవాబు చెప్పింది. "ఏదో పురుగు పాకిందట. పొక్కులొచ్చి రసి కారుతోంది. రోజూ కొబ్బరినూనె రాస్తున్నాను. బావ పోయిన దిగుల్లో వీడికి అదొకటి." కాస్త గట్టిగా, "ఒరే, వీరికి కాఫీ తీసుకురా!" అంది.

రామూర్తి తెచ్చిన కాఫీ బాగుంది. గ్లాసందించిన చేతులు మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

పురుషోత్తం మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళి ఇన్‌స్పెక్టర్ బల్ల ముందు నిలబడ్డాడు.

"బండి ఒక్కసారి నాకివ్వండి సార్. ట్యాంకు నిండా పోయించి, మూత బిగించి, పూండి రోడ్డున వెళ్తాను. మీరు జీపులో వెనకే రండి. ఆగకపోతే మళ్ళీ ఈ జిల్లాలో అడుగుపెట్టను."

అప్పలనరసింహం కళ్ళు మెరిశాయి. "ఆగితే?"

"ఆగితే, పోలారావు బేడీలు మీ చేత్తో మీరే విప్పాలి. ఇక్కడ కాదు. నారాయణరావు గారి గుమ్మం ముందు, నలుగురూ చూస్తుండగా."

ఇన్‌స్పెక్టర్‌కి ఆ చివరి మాట ఎక్కడిదో అర్థమయింది. మీసం సవరించుకుని నవ్వాడు. "పాపం, ఇంకా మర్చిపోలేదన్నమాట. పద."

నిండు ట్యాంకుతో స్కూటరు ఊరు దాటింది. జీడితోటలు దాటింది. పూండి కూడా దాటింది. వెనక జీపులోంచి అప్పలనరసింహం అదేపనిగా హారన్ కొట్టి వెక్కిరిస్తున్నాడు. సరుగుడు తోట నీడ రోడ్డు మీద పడుతుండగా ఇంజను ఒకసారి దగ్గింది. ఊపిరి ఎగబీల్చింది. పురుషోత్తం యాక్సిలరేటర్ తిప్పాడు. లాభం లేదు. బండి నాలుగు గెంతులు గెంతి, చచ్చినట్టు ఆగిపోయింది.

రోడ్డు పక్క ఇసుకలో నల్లగా ఎండిన నెత్తురు మరక పిలిస్తే పలికేంత దూరంలో ఉంది.

జీపు దిగిన ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకున్నాడు. "నువ్వే ఆపావు!"

"అయితే మీరు నడపండి."

అప్పలనరసింహం తన్నాడు. మళ్ళీ తన్నాడు. టోపీ తీసి డ్రైవర్ చేతికిచ్చి, చొక్కా మడిచి తన్నాడు. కోడలు పుట్టింటికెళ్ళిపోయింది.

"ఇప్పుడు నారాయణరావు చేసిన పనే మనమూ చేద్దాం," అంటూ పురుషోత్తం ప్లగ్గు విప్పి, దాని తీగకే తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి పట్టుకున్నాడు. "ఇప్పుడు తన్నండి సార్." నీలిరంగు నిప్పురవ్వ టిక్కుమంది. "నిప్పు బాగానే ఉంది. అసలు స్టార్టయి, ఇంతదూరం నడిచి ఆగిన బండికి ముందు చూడాల్సింది నిప్పు కాదు, తిండి. మెకానిక్ మాట నమ్మి పాపం ఆయన ప్లగ్గు తుడుస్తూ కూర్చున్నాడు. వెనక ఎవరొస్తున్నారో చూసుకోలేదు."

అతను పెట్రోలు గొట్టాన్ని కార్బురేటర్ దగ్గర ఊడలాగాడు. కుళాయి తెరిచే ఉంది. ట్యాంకు నిండుగా ఉంది. గొట్టంలోంచి మాత్రం ఒక్క చుక్క జారి ఆగిపోయింది.

"నిండుకుండలోంచి నీళ్ళు రావడం లేదు. చూశారా?"

తర్వాత సీటెత్తి, ట్యాంకు మూత మెల్లగా తిప్పాడు. గోళీసోడా కొట్టినట్టు లోపలికి గాలి చొరబడింది, పిశ్‌మని. అదే క్షణాన గొట్టంలోంచి పెట్రోలు ధారకట్టి ఇన్‌స్పెక్టర్ బూటు మీద పడింది. పురుషోత్తం గొట్టం తగిలించడానికి తొందరపడలేదు.

"కొబ్బరిబొండానికి ఒకే కన్నం పెట్టి వంచితే నీళ్ళు సరిగా రావు కదా సార్. రెండో కన్నం పెట్టాలి, గాలికి. ఈ మూతలో ఆ రెండో కన్నం ఉంటుంది, సూదిబెజ్జమంత. అది మూసేస్తే పెట్రోలు కాసేపు దిగి, గాలి అందక ఆగిపోతుంది. ట్యాంకు ఎంత నిండుగా ఉంటే అంత త్వరగా. మూత తీస్తే జబ్బు నయం. అందుకే ఎవరు మూత తీసి చూసినా బండి బాగున్నట్టే ఉంటుంది. ఇందాక మీరూ తీశారు."

మూత తిరగేసి చూపించాడు. లోపలి వైపు నల్లటి మడ్డి, కందిగింజంత. కత్తిమొనతో గీకితే కింద బాగా ఎండిన పొర, పైన ఇంకా కాస్త జిగురుగా మరో పొర. బూడిద కలిపిన నూనె వాసన.

అప్పలనరసింహం వాసన చూసి ఎగిరి గంతేశాడు. "జీడిమడ్డి! పడవలకి పూసేది! వాడే, పోలారావే!"

"పోలారావు పడవ సముద్రం ఒడ్డున ఉంటుంది. ఈ స్కూటరు రాత్రంతా ఫ్యాక్టరీ తాళంలో ఉంటుంది. సముద్రానికే లొంగని మడ్డి పెట్రోలుకి లొంగదని తెలిసినవాడు పూశాడు. ఒక శుక్రవారం పరీక్షకి. ఎక్కడ ఆగిందో నారాయణరావే ఇంటికొచ్చి చెప్పాడు. మరుసటి శుక్రవారం కోసం రెండో పూత. విరిగిన తెడ్డొకటి సంపాదించి, పొద్దున ప్యాసింజరు రైలెక్కి పూండిలో దిగితే చాలు, మిగతాది స్కూటరే చూసుకుంటుంది. వెనక్కి వెళ్దాం సార్. మీరు విప్పాల్సిన బేడీలున్నాయి."

జీపు పోలారావుని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళిన వ్యవధిలో పురుషోత్తం ఫ్యాక్టరీ కొట్టులోకి నడిచాడు. జీడిగింజలు కొట్టే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దది రత్నాలమ్మ. చేతులకి ఆముదం, బూడిద పట్టించుకుంటోంది.

"అలా రాసుకుంటే జీడి కాల్చదా రత్నాలమ్మా?"

"సేతుల్నేటీ సెయ్యదు బావూ. అయితే ఆ సేత్తో ఇంకెక్కడ ముట్టుకున్నా పొంగిపోద్ది. కొత్తగొచ్చిన గుంటలు ముక్కు గోక్కుని బుడ్డ టమాటాల్లా ఇంటికి పోతారు." ఆడవాళ్ళందరూ కిసుక్కుమన్నారు.

"మీ ఆసామికి పగవాళ్ళెవరు?"

"లేనోడెవుడో అడుగు బావూ, బేగి సెప్పేత్తాను!" రత్నాలమ్మ గొంతు తగ్గించింది. "సచ్చినోన్ని అనకూడదు గానీ, నోరూ సెడ్డది, సెయ్యీ సెడ్డది. మొన్న బామ్మర్దినే, ఇదిగో, ఇక్కడే, మా అందరి ముందరా, సెప్పు తీసి సెంపమీద కొట్టినాడు. బస్తా లెక్క తప్పు రాసినాడంట. మాకు నవ్వాగలేదు. నవ్వేసినాం."

"రామూర్తి ఏం చేశాడు?"

"ఏటి సేత్తాడు? సెప్పు కిందడితే తీసి, దులిపి, బావ కాలి కాడ ఎట్టినాడు. ఎల్లి కూకుని లెక్కలు రాసుకున్నాడు." ఆవిడ నవ్వు మెల్లగా ఆగిపోయింది. "మమ్మల్ని మాత్తరం ఒకలి తరవాత ఒకల్ని సూసినాడు బావూ. ఆ సూపుకి ఆయేల మద్దినేలం కూడు సయించలేదు."

పురుషోత్తం కళ్ళ ముందు మల్లెపువ్వుల్లాంటి రెండు చేతులు మెదిలాయి. వాటి వెనకే మఫ్లరు. మఫ్లరు మీద జంధ్యం.

అప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. నేరుగా లోపలికి వెళ్ళి రామూర్తి భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకురావడం. ఆ సంగతి పురుషోత్తానికి తెలుసు. కానీ బయట జీపు ఆగిన చప్పుడయింది. మూడేళ్ళుగా కలలో చూస్తున్న దృశ్యం గుమ్మం ముందు సిద్ధంగా ఉంది. ఆకలిగా ఉన్నవాడు విస్తరి ముందు నుంచి లేవలేడు.

ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరూ వాకిట్లో గుమిగూడారు. అప్పలనరసింహం జేబులోంచి తాళంచెవి తీసి, పోలారావు కుడిచేతి బేడీ విప్పాడు. తాళంచెవి రెండోదానిలో పెట్టి ఆగాడు.

"ముందు ఎవరో చెప్పు. లేకపోతే ఇది విప్పను."

"చెప్తాను సార్. కూర్చోండి." పురుషోత్తం అరుగెక్కి, వీధి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. గొంతు పెంచాడు, వెనక వరసలోవాళ్ళకి కూడా వినపడాలని. "మూతకి మడ్డి పూసినవాడు జీడి గురించి బాగా తెలిసినవాడు. చేతులకి ఆముదం పట్టించుకున్నాడు. అందుకే చేతుల మీద మచ్చ లేదు. మీరు ఊరందరి చేతులూ చూసినా దొరకడు. ఎలా దొరుకుతాడో చెప్పగలరా సార్? పతకం ఉంది కదా మీకు."

అప్పలనరసింహం పళ్ళు కొరికాడు. ఆడవాళ్ళు నవ్వారు. పురుషోత్తానికి ఆ నవ్వు తేనెలా దిగింది. ఇంకాస్త సాగదీశాడు.

"చలికాలం. రాత్రి. దొంగపని. ఒంట్లో వణుకు. అలాంటప్పుడు మనిషికి ముందు ఏమవుతుంది? చెట్టు చాటుకి వెళ్ళాలనిపిస్తుంది. చేతులు కడుక్కోవడం మరిచిపోవచ్చు. ఉపనయనం నాటి నుంచి వచ్చిన అలవాటు మాత్రం మరవడు. జంధ్యం తీసి కుడిచెవికి చుట్టుకున్నాడు, అదే వేళ్ళతో! వేళ్ళకి ఆముదం ఉంది, చెవికి లేదు. ఎవడి కుడిచెవి పొక్కులెక్కి రసి కారుతోందో, ఎవడు దాన్ని పురుగు పాకిందని చెప్పుకుంటున్నాడో..."

అతని మాట అక్కడే ఆగిపోయింది. వీపు ఆనించిన తలుపు అవతల, చాలా దగ్గరగా, ఎవరో పట్టి ఉంచిన ఊపిరి వదిలారు.

ముందు మీకే చెప్తానన్న మాట ఇలా చెల్లింది.

పురుషోత్తం తిరిగి చూశాడు. తలుపు ఓరగా ఉంది. సందులోంచి అలమర కనిపిస్తోంది. అందులో సత్తుగిన్నె లేదు.

"ఒరే రామూర్తీ!" లోపల్నించి త్రిపురసుందరి గొంతు, రోజూ పిలిచేంత మెత్తగా. మఫ్లరులోంచి వినపడాలి కాబట్టి ఇంకోసారి, కాస్త గట్టిగా. "ఇలా వచ్చి పడుకో. చెవికి నూనె రాస్తాను."

"వస్తున్నానక్కా."

పురుషోత్తం తలుపు తోసేలోపు లోపల గడియ పడింది.

అందరికంటే ముందు కదిలినవాడు పోలారావు. ఎడమచేతికి బేడీ వేలాడుతుండగా అరుగు మీదికి దూకి భుజంతో తలుపు మోదాడు. "ఒద్దమ్మా! మా అక్క కన్ను కడిగినోన్ని నాను, ఆ కేక విన్నోన్ని! ఒద్దు తల్లీ, తలుపు తియ్యి!"

పాతకాలపు టేకు తలుపు. చలించలేదు. పురుషోత్తమూ భుజం కలిపాడు. అప్పలనరసింహం కూడా, ఎవరి పక్కన నిలబడ్డాడో చూసుకోకుండా. ముగ్గురూ మోదుతున్న చప్పుళ్ళ మధ్య, ఒక్క క్షణం, లోపలి మాట స్పష్టంగా వినిపించింది. చిన్నపిల్లాడి గొంతులా, ఏ అనుమానమూ లేకుండా.

"ఇవాళ నూనె ఇంత నల్లగా ఉందేమే అక్కా?"